బోరు నీళ్ల స్విమ్మింగ్ పూల్‌కి ఏ క్లోరిన్ మేలు?

విజయవాడ, గుంటూరు అపార్ట్‌మెంట్ల పూల్స్‌లో టైళ్ల అంచున తెల్లగా గార కడితే నింద బోరు మీదకే పోతుంది. బోరులో ఉన్న కాల్షియం చాలదన్నట్టు, క్లోరిన్ డబ్బాలోంచి ఇంకొంత మనమే కలుపుతుంటాం. అందుకే ముందు నీళ్లు పరీక్ష చేయించి, ఆ తర్వాతే క్లోరిన్ కొనాలి.

పూల్ నీటిలో కాల్షియం హార్డ్‌నెస్ (నీళ్లలో కరిగిన కాల్షియం, కాల్షియం కార్బొనేట్ లెక్కన) 200 నుంచి 400 పీపీఎం (పది లక్షల్లో వంతులు) మధ్య ఉండాలి. బాగా తగ్గితే నీళ్లు టైళ్ల సందుల్లోని సిమెంటును తినేస్తాయి. పెరిగితే నీళ్లు మసకబారతాయి, ఫిల్టర్‌లో ఇసుక గడ్డకడుతుంది. ల్యాబ్ రిపోర్టులో టోటల్ హార్డ్‌నెస్ చూసి సరిపెట్టుకోకండి, అందులో మెగ్నీషియం కూడా కలిసే ఉంటుంది. కాల్షియం అంకె విడిగా ఉంటే 2.5తో గుణించండి: లీటరుకు 80 మి.గ్రా. అంటే 200 పీపీఎం.

లక్ష లీటర్ల పూల్‌కి రోజూ 2 పీపీఎం క్లోరిన్ వేస్తున్నారనుకుందాం.

65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ అయితే రోజుకు 310 గ్రాములు. నెల తిరిగేసరికి హార్డ్‌నెస్ దాదాపు 42 పీపీఎం పెరుగుతుంది. ఎండకు ఆవిరయ్యేది నీళ్లే, కాల్షియం పూల్‌లోనే ఉండిపోతుంది. తగ్గినంత మళ్లీ బోరు నీళ్లే పోస్తే అదీ జమవుతుంది. 350తో మొదలైన పూల్ నాలుగు నెలల్లో 500 దాటడం ఖాయం.

10 శాతం లిక్విడ్ హైపో (సోడియం హైపోక్లోరైట్ ద్రావణం) రోజుకు 2 లీటర్లు పడుతుంది. కాల్షియం బొత్తిగా కలవదు. చిక్కల్లా నిల్వతోనే: రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో క్యాన్‌లోనే బలం పోతుంది. వారానికి సరిపడా మాత్రమే తెచ్చి నీడన పెట్టాలి.

టీసీసీఏ 90 (90 శాతం క్లోరిన్ ఉండే ట్రైక్లోరోఐసోసైన్యూరిక్ యాసిడ్) బిళ్లలు రోజుకు 220 గ్రాములు చాలు. కాల్షియం లేదు గానీ బిళ్లలోంచి వచ్చే సైన్యూరిక్ యాసిడ్ నెలకు 36 పీపీఎం పేరుకుంటుంది. అది 50 దాటేకొద్దీ క్లోరిన్ మందగిస్తుంది. ఊరెళ్లినప్పుడు నాలుగు రోజులకు బాగానే ఉంటుంది, ఏడాది పొడవునా పనికిరాదు. బ్లీచింగ్ పౌడర్ చౌకే, కానీ దాంట్లో సున్నం ఎక్కువ. పూల్‌లో వేయకండి.

బోరు నీళ్లలో కాల్షియం హార్డ్‌నెస్ 250 దాటితే మా ఓటు లిక్విడ్ హైపోకే. పీహెచ్ 7.2–7.4 మధ్య ఉంచండి. కృష్ణా నీళ్లతో నింపిన పూల్‌లో కాల్షియం హార్డ్‌నెస్ 150 లోపుంటే కాల్షియం హైపోక్లోరైటే మేలు, కావలసిన కాల్షియం దానితోనే అందుతుంది. లేదంటే లక్ష లీటర్లలో ప్రతి 10 పీపీఎం పెంచడానికీ కిలోన్నర కాల్షియం క్లోరైడ్ వేరుగా కొనాలి. 300కు చేరగానే లిక్విడ్‌కు మారండి. ఒకటి మాత్రం మరవొద్దు: కాల్షియం హైపోక్లోరైట్ వాడిన మగ్గుతో, బకెట్‌తో టీసీసీఏ ముట్టుకోకండి. రెండూ కలిస్తే మంటలు లేస్తాయి.

ఇప్పటికే హార్డ్‌నెస్ 600 దాకా వచ్చేసిందా? సగం నీళ్లు తోడేసి 100 పీపీఎం ఉన్న నీళ్లు పోస్తే 350కి దిగుతుంది. వానాకాలంలో మాత్రం పూర్తిగా ఖాళీ చేయకండి. భూగర్భ జలం పైకి తన్ని పూల్ అడుగు పగులుతుంది.