అరకు ప్రయాణంలో చిరాకులు: ఏవి తప్పించుకోవచ్చు, ఏవి తప్పవు

హైదరాబాద్ నుంచి విశాఖ మీదుగా అరకు వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పే ఫిర్యాదులు దాదాపు ఒకేలా ఉంటాయి. తెల్లారి దిగితే గది ఇవ్వలేదు, స్నానానికి వేడినీళ్ళు రాలేదు, బొర్రా గుహల దగ్గరికి చేరేసరికి భోజన విరామమన్నారు, తిరుగు రైలు గంటల తరబడి లేటు. రైలు వేళ, లాడ్జి వేళ, గుహల వేళ ఒకదానికొకటి పొసగవు. సగం చిరాకు ఆ సందుల్లోనే పుడుతుంది, దాన్ని టికెట్లు కొనేటప్పుడే తప్పించుకోవచ్చు. మిగతా సగం తోటి ప్రయాణికుల వల్లా, బిల్లు రాసేవాళ్ళ వల్లా వచ్చేది. అక్కడ రూల్ ఏమిటో తెలిసి ఉంటే గొంతు పెంచకుండా పని జరుగుతుంది.

ముందు రైళ్ళు. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం అయిదింటి ప్రాంతంలో హైదరాబాద్‌లో బయల్దేరి, మర్నాడు పొద్దున ఆరు లోపు విశాఖ చేరాలి. అరకు వెళ్ళే కిరండూల్ రైలు ఏడు కొట్టకముందే విశాఖ నుంచి కదిలిపోతుంది. మధ్యలో గంట ఉంది కదా అని ఈ రెండింటినీ కలిపి ప్లాన్ వేసేవాళ్ళు చాలామంది. కానీ దువ్వాడ దాకా సరైన వేళకే వచ్చిన రైలు కూడా ప్లాట్‌ఫాం ఖాళీ లేక విశాఖ బయట సిగ్నల్ దగ్గర ఆగిపోవడం మామూలే. ఆ గంటలో అరగంట అక్కడే కరిగిపోతుంది. తప్పనిసరై అలాగే వెళ్ళాలంటే రెండు టికెట్లూ విడివిడిగా కొనకండి. ఐఆర్‌సీటీసీలో కనెక్టింగ్ జర్నీ పద్ధతిలో రెండు పీఎన్‌ఆర్‌లనూ జోడించి కొనాలి. ప్రయాణికుల పేర్లు, వయసులు రెండింట్లోనూ ఒకేలా ఉండాలి. అలా ఉంటే మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు, ఎక్కని రైలు డబ్బు వెనక్కి వస్తుంది. మొదటి రైలు చేరిన మూడు గంటల్లోపే ఆ డబ్బు కోసం అడగాలి.

ఇంతకంటే నిశ్చింతైన దారి వందేభారత్. 2023 జనవరిలో మొదటిది, 2024 మార్చిలో రెండోది మొదలయ్యాయి. సికింద్రాబాద్‌లో తెల్లవారి అయిదింటి ప్రాంతంలో బయల్దేరేది మధ్యాహ్నం రెండు లోపు విశాఖ చేరుస్తుంది, అంటే హోటల్ గది ఇచ్చే వేళకి సరిగ్గా సరిపోతుంది. మధ్యాహ్నం మూడింటిది రాత్రి పదకొండున్నరకి దింపుతుంది. స్టేషన్‌కి దగ్గర్లో గది తీసుకుంటే పడుకుని లేచి నేరుగా అరకు రైలెక్కవచ్చు. ఎనిమిదిన్నర గంటల పైన కూర్చునే వెళ్ళాలి, టికెట్ ధర కూడా ఎక్కువ. నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్ళతో అయితే రాత్రి బండి, దిగువ బెర్తే మేలు.

రాత్రి బండిలో గొడవ ఎప్పుడూ మధ్య బెర్తు దగ్గరే మొదలవుతుంది. రూల్ స్పష్టంగా ఉంది: రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకే మధ్య బెర్తు వాల్చుకోవాలి. పదికి ముందు వాల్చుకుంటానంటే కింద కూర్చున్నవాళ్ళు కాదనవచ్చు, పది దాటాక కింది బెర్తు వాళ్ళు అడ్డుచెప్పడానికి లేదు. ఇయర్‌ఫోన్ లేకుండా ఫోన్లో వీడియోలు పెట్టడం, పది దాటాక పెద్ద లైట్లు వేసుకుని ముచ్చట్లు పెట్టడం కూడా నిబంధనలకు విరుద్ధమే. ఎదుటివాళ్ళు వినకపోతే వాదన పెంచుకోకుండా రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి, లేదా రైల్ మదద్ యాప్‌లో పీఎన్‌ఆర్, కోచ్, బెర్తు నంబరుతో ఫిర్యాదు పెట్టండి. "పక్కన గోల చేస్తున్నారు" అని ఊరుకోకుండా ఏ బే, ఏ బెర్తులు అన్నది రాయాలి. అప్పుడే టీటీఈ నేరుగా అక్కడికి వస్తాడు.

తెల్లారి ఆరింటికి విశాఖలో దిగినవాళ్ళకి గది సమస్య మొదలవుతుంది. ఇక్కడ లాడ్జీలు రెండు రకాలు. కొన్నింట్లో 24 గంటల లెక్క: పొద్దున ఆరున్నరకి దిగితే మర్నాడు ఆరున్నర దాకా గది మీదే. కొన్నింట్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి పన్నెండు లెక్క: ఆరున్నరకి తాళం కావాలంటే ఇంకో రోజు అద్దెగానీ, సగం అద్దెగానీ అడుగుతారు. బుకింగ్ యాప్‌లో ఈ ముక్క కనిపించీ కనిపించకుండా ఉంటుంది. డబ్బు కట్టకముందే హోటల్‌కి ఫోన్ చేసి "ఆరున్నరకి వస్తాం, అదనంగా ఎంత?" అని అడిగి, జవాబును వాట్సాప్‌లో రాయించుకోవాలి. స్నానం చేసి రెండు మూడు గంటలు నడుం వాల్చడమే కావలసిందైతే స్టేషన్ రిటైరింగ్ రూములు చాలు. కన్ఫర్మ్ అయిన లేదా ఆర్ఏసీ టికెట్ పీఎన్‌ఆర్‌తో ఐఆర్‌సీటీసీలోనే బుక్ చేసుకోవచ్చు. స్టేషన్‌లో స్లీపింగ్ పాడ్లు కూడా 2025లో వచ్చాయి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి అవి బాగానే ఉంటాయి. పిల్లలూ సామాన్లూ ఉన్న కుటుంబానికి మాత్రం గదే తీసుకోవాలి.

ఇక కొండ రైలు. కొత్తవలస–కిరండూల్ లైను బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960లలో వేసింది. ఇప్పటికీ ఆ లైనుకి ప్రధాన వ్యాపారం ఖనిజమే. ప్రయాణికుల బండి ఎదురొచ్చే గూడ్సు కోసం ఆగుతుందని గుర్తుపెట్టుకుంటే ఆలస్యానికి అంత కోపం రాదు. విశాఖ నుంచి వెళ్ళేటప్పుడు బయల్దేరే చోటే కాబట్టి బండి వేళకే కదులుతుంది, నాలుగు గంటలకి అటూ ఇటూగా అరకు చేరుతుంది. తిరుగు బండి ఛత్తీస్‌గఢ్ నుంచి దారంతా గూడ్సులకి దారిస్తూ రావాలి. అందుకే వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు. మర్నాడు ఆఫీసు ఉన్నవాళ్ళు తిరుగు రైలు మీద ఆశ పెట్టుకోకూడదు.

ఈ బండికి విస్టాడోమ్ కోచ్ 2017 ఏప్రిల్‌లో వచ్చింది. పెద్ద అద్దాలు, పైకప్పులో కూడా అద్దం, చుట్టూ తిరిగే కుర్చీలు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. నవంబర్ నుంచి జనవరి దాకా శని, ఆదివారాల టికెట్లు వెంటనే అయిపోతాయి, మంగళ, బుధవారాలు చూసుకోండి. ఈ కోచ్‌లో అసలు చిరాకు జనం. నడవలో నిలబడి సెల్ఫీలు, రీల్స్. సొరంగం వచ్చిన ప్రతిసారీ కేకలు. దారిలో సొరంగాలు యాభై దాటి ఉన్నాయి కాబట్టి ఆ కేకలు చాలాసేపు భరించాలి. పసిపిల్లలున్నవాళ్ళు, గోల పడనివాళ్ళు స్లీపర్ తరగతిలో కిటికీ సీటు తీసుకోవడమే మంచిది. చల్లగాలి తగులుతుంది, శివలింగపురం దాటాక లోయ అంతే అందంగా కనిపిస్తుంది. చేతులూ ఫోనూ కిటికీ బయట పెట్టకండి, సొరంగం గోడ చాలా దగ్గరగా వస్తుంది. 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ స్టేషన్ దాటాక బండి దిగుడులో పడి అరకు చేరుతుంది.

బొర్రాలో దిగాలా, అరకులో దిగాలా? ఒక్క రోజులో వెళ్ళి రావాలనుకుంటే బొర్రాలోనే దిగండి. గుహలు చూసుకుని జీపులో అనంతగిరి మీదుగా అరకు వెళ్ళవచ్చు. ఎక్కకముందే మొత్తం రేటు, ఎక్కడెక్కడ ఆపాలో, ఎంతసేపు ఆపాలో మాట్లాడుకోవాలి. "సైట్ సీయింగ్" అని ఊరుకుంటే రెండు చోట్ల చూపించి తిప్పేస్తారు. రెండు రాత్రులు ఉండేవాళ్ళు నేరుగా అరకు వెళ్ళి, తిరుగు దారిలో కారులో బొర్రా చూసుకోవాలి. గుహల దగ్గర మధ్యాహ్నం ఒంటి గంట నుంచి రెండు దాకా విరామం. పన్నెండున్నరకి చేరితే తొందరలో తిరగాలి, లేదా ఎండలో గంట కూర్చోవాలి. పొద్దున తెరిచేసరికి అక్కడుంటే గోస్థని నది తొలిచిన ఆ సున్నపురాయి గుహలో మాటల హోరు లేకుండా నీటి చుక్క రాలిన చప్పుడు కూడా వినిపిస్తుంది. లోపల మెట్లు తడిగా ఉంటాయి, గ్రిప్ ఉన్న చెప్పులు తప్పనిసరి. దిగడం సులువే, ఎక్కడం మోకాళ్ళ మీద పడుతుంది. పెద్దవాళ్ళు మొదటి పెద్ద గది దాకా వెళ్ళి వచ్చినా చాలా చూసినట్టే. తినేవి చేతిలో పట్టుకుని నడవకండి, బయట కోతులు లాక్కుపోతాయి.

అరకులో బసల గురించి వచ్చే ఫిర్యాదుల్లో మొదటిది వేడినీళ్ళు. గదుల్లో ఎక్కువగా ఉండేది 15 లీటర్ల, 2 కిలోవాట్ల గీజరు. చలికాలం పది డిగ్రీల నీళ్ళు అరవైకి రావాలంటే దానికి దాదాపు 26 నిమిషాలు పడుతుంది. కొండ ప్రాంతంలో ఓల్టేజీ పడిపోవడం మామూలే. 230 ఉండాల్సింది 180కి వస్తే హీటరు శక్తి అరవై శాతానికి తగ్గిపోతుంది, అదే నీటికి 40 నిమిషాల పైన కావాలి. పావుగంటకే కుళాయి విప్పి "గీజరు పాడైంది" అనుకునేది ఇందుకే. లేవగానే స్విచ్ వేసి, ఇద్దరి స్నానాల మధ్య అరగంట ఎడం ఇవ్వండి. వేడినీళ్ళు ఒక బకెట్‌లో పట్టి చన్నీళ్ళు కలుపుకుంటే ఆ 15 లీటర్లు ఇద్దరికి సరిపోతాయి, షవర్ కింద నిలబడితే ఒక్కరికీ చాలవు. సోలార్ హీటరైతే ఏ వేళకి నీళ్ళొస్తాయో రిసెప్షన్‌లో అడగండి. పైపు పొడవు వల్ల మొదటి ఒకటి రెండు బకెట్లు చన్నీళ్ళే వస్తాయి, వాటిని పారబోయకుండా పక్కన పెట్టుకోవచ్చు.

బాత్‌రూం వాసన రెండో ఫిర్యాదు. సీజన్ కానప్పుడు గది చాలా రోజులు ఖాళీగా ఉంటే నేల మీది జాలీ కింద ఉండే వంపులో (నహానీ ట్రాప్) నీళ్ళు ఎండిపోతాయి. ఆ నీళ్ళే మురుగు వాసనని పైకి రాకుండా ఆపేవి. జాలీలో రెండు మగ్గుల నీళ్ళు పోసి తలుపు తెరిచి పావుగంట వదిలేస్తే చాలాసార్లు వాసన పోతుంది. పోకపోతే అప్పుడు గది మార్చమని అడగాలి. సామాను సర్దుకోకముందే గీజరు లైటు, ఫ్లష్, ప్లగ్ పాయింట్లు, దుప్పట్లు చూసుకోండి. తాళం కార్డు తీయగానే కరెంటంతా పోయే గదుల్లో బయటికెళ్ళినప్పుడు ఫోన్ ఛార్జ్ అవదు, పవర్‌బ్యాంక్ ఉండాలి. అద్దె బిల్లులో పన్ను కూడా చూడండి: 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 రూపాయల లోపు గదులకి జీఎస్టీ 5 శాతమే. పాత అలవాటులో 12 వేస్తే సరిచేయించుకోండి.

తిండి దగ్గర చిన్న చిన్న దోపిడీలే ఎక్కువ. నీళ్ళ సీసా మీద "కూలింగ్ ఛార్జ్" అని రెండు, అయిదు రూపాయలు ఎక్కువ తీసుకునే బడ్డీలు దారి పొడవునా ఉన్నాయి. దుకాణంలో ఎమ్మార్పీకి మించి అమ్మడం చట్టవిరుద్ధం, చల్లగా ఉన్నా అంతే. హోటల్లో కూర్చోబెట్టి వడ్డించేటప్పుడు మాత్రం ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, అక్కడ వాదించి లాభం లేదు. సర్వీస్ ఛార్జ్ వేరు. అది ఇష్టమైతేనే ఇవ్వాలని 2022లో మార్గదర్శకాలు వచ్చాయి, వాటిని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. తీసేయమంటే తీసేయాలి, లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయవచ్చు. బొంగులో చికెన్ అడిగినప్పుడు ధర కిలోకా, బొంగుకా తేల్చుకోండి. పచ్చి వెదురులో ముక్కలు కూరి నిప్పుల మీద కాల్చడానికి ముప్పావుగంట దాకా పడుతుంది. అయిదు నిమిషాల్లో చేతికొచ్చిందంటే ముందే కాల్చి పెట్టింది. కొండల్లో సిగ్నల్ పోతే యూపీఐ పనిచేయదు, పది, ఇరవై, యాభై నోట్లు దగ్గరుంచుకోండి.

చూసే చోట్లలో గిరిజన మ్యూజియానికి గంటన్నర ఇవ్వవచ్చు, వస్తువులూ నమూనా ఇళ్ళూ బాగున్నాయి. పద్మాపురం తోట పిల్లలుంటేనే. చాపరాయి వానల తరవాత బాగుంటుంది, రాళ్ళు మాత్రం నాచు పట్టి జారతాయి. వంజంగి మబ్బుల కొండకి అరకు నుంచి రాత్రి మూడింటికి లేచి పరుగెత్తే కన్నా ముందు రాత్రి పాడేరులో ఉండడం తెలివైన పని. ఆదివారం వెళ్తే మబ్బుల కన్నా జనమే ఎక్కువ కనిపిస్తారు, కాగితం ప్లేట్లూ ప్లాస్టిక్ గ్లాసులూ చూస్తే బాధేస్తుంది. మీ చెత్త సంచి మీతో కిందికి తెచ్చుకోండి.

తిరుగు దారి ఘాట్‌రోడ్డు. ఆదివారం మధ్యాహ్నం దాటితే గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర రోడ్డు మీదే కార్లు ఆపేస్తారు, అనంతగిరి దాకా బండ్లు నత్తనడకే. పదింటికల్లా అరకు వదలాలి, లేదా సోమవారానికి వాయిదా వేసుకోవాలి. వాంతులయ్యేవాళ్ళు ముందు సీట్లో కూర్చుని, బయల్దేరడానికి గంట ముందు తేలికగా తిని, మాత్ర వాడితే అరగంట ముందే వేసుకోవాలి. ఆ మాత్రలు మత్తు తెప్పిస్తాయి, బండి నడిపేవాళ్ళు వేసుకోకూడదు. దారిలో కాఫీపొడి కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చూడండి. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, ముందు పక్క అరకు అని పెద్దగా రాసినంత మాత్రాన లోపలిది అంతా కాఫీ అని కాదు. చికోరీ 49 శాతం దాకా కలపడానికి అనుమతి ఉంది, ఎంత కలిపారో లేబుల్ మీద ఉండాలి. శాతం రాయని విడి ప్యాకెట్లు కొనకండి. గింజలు కొని ఇంటి దగ్గర మర పట్టించుకుంటే ఆ అనుమానమే ఉండదు.