నల్ల ప్లాస్టిక్‌కి సిరామిక్ కోటింగ్: నా బండి కుడివైపు ఒక మాట, ఎడమవైపు ఇంకో మాట

మాది విశాఖలో లాసన్స్ బే కాలనీ. మా ఇంట్లోంచి సముద్రం కనిపించదు గానీ దాని ఉప్పు మాత్రం రోజూ వచ్చి పలకరించి పోతుంది. బాల్కనీ గ్రిల్ మీద వేలితో రాస్తే జిడ్డుగా తగులుతుంది, ఇక ఏడేళ్లుగా రోడ్డు మీదే ఉంటున్న కారు సంగతి వేరే చెప్పాలా. రంగు ఉన్నచోట బాగానే ఉంది. గొడవంతా రంగు వేయని నల్ల ప్లాస్టిక్‌తోనే: చక్రాల పైన వంపు పట్టీలు, తలుపుల కింద క్లాడింగ్, వైపర్ల దగ్గర జాలీ, వెనక బంపర్ కింది సగం. కొన్నప్పుడు నిగనిగలాడినవి ఇప్పుడు సుద్దతో రాసి తుడిచిన పలకలా తయారయ్యాయి.

పక్కింటి బాబాయిగారు కొబ్బరినూనె రాయమన్నారు. రాశాను. రెండు రోజులు మెరిసింది, మూడో రోజు రుషికొండ దాకా వెళ్లొచ్చేసరికి దారిలో ఉన్న దుమ్మంతా దానికే అంటుకుంది. తర్వాత డాష్‌బోర్డ్ పాలిష్ పట్టుకుని నెలల తరబడి రుద్దాను, వాన పడితే పోవడం, మళ్లీ రుద్దడం. ఈ పాలిష్ సంగతి గుర్తుంచుకోండి, కథంతా దీని దగ్గరే తిరుగుతుంది.

సంక్రాంతి అయిన వారానికి, కార్లు శుభ్రం చేసి మెరుగులు దిద్దే ఒక డిటైలింగ్ షాపుకి వెళ్లాను. పేరు రాయను, మీరు వెళ్లే షాపులో కూడా ఇదే జరగొచ్చు కాబట్టి పేరుతో పనిలేదు. వాళ్లు ముందు బండి మొత్తానికి సిరామిక్ కోటింగ్ వేయడానికి 22 వేలు అన్నారు. రంగు బాగానే ఉందండీ, ప్లాస్టిక్, హెడ్‌లైట్లు చాలు అంటే, ఓనరు కాసేపు గునిసి 5,500కి ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే "9హెచ్ సార్, వజ్రం తర్వాత ఇదే" అని ఒక మాట వేశాడు. ఇది అన్ని షాపుల్లోనూ చెప్పే మాటే, నమ్మకండి. ఆ 9హెచ్ పెన్సిళ్ల లెక్క. బొమ్మలు వేసే పెన్సిళ్లలో గట్టివి, మెత్తవి ఉంటాయి కదా, వాటిలో 9హెచ్ పెన్సిల్‌తో గీసినా గీత పడకపోతే ఆ మార్కు ఇస్తారు, అంతే. తాళంచెవి గీసుకుంటే గీత పడుతుంది, రాయి ఎగిరొచ్చి తగిలితే చొట్టా పడుతుంది.

సిరామిక్ అన్నారని కుండల్లా బట్టీలో కాలుస్తారనీ అనుకోవద్దు. ఈ ప్లాస్టిక్ 160 డిగ్రీల దగ్గర్లోనే కరిగిపోతుంది. సీసాలో ఉండేది సిలికా జాతి ద్రవం, రాయగానే అందులోని సాల్వెంట్ ఎగిరిపోతుంది, మిగిలింది గాల్లోని తేమ పట్టుకుని గట్టిపడుతుంది. మన విశాఖలో తేమకేం కొదవ? అందుకే ఇక్కడ త్వరగా బిగుసుకుంటుంది, జానెడు జానెడు చొప్పున రాసి ఎక్కువైంది వెంటనే తుడిచేయాలి. ఆలస్యం చేస్తే మరక అలాగే ఉండిపోతుంది.

పని మొదలుపెట్టింది శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక కుర్రాడు. ముందు కుడి చక్రం పట్టీ ఊడదీసి వెనక్కి తిప్పి చూపించాడు. లోపలివైపు అచ్చులో పోసిన చిన్న అక్షరాలు: పీపీ, ప్లస్, ఈపీడీఎం, టీ20. పీపీ అంటే పాలీప్రొపిలీన్, ఈపీడీఎం ఒక రకం రబ్బరు, టీ20 అంటే క్రికెట్ కాదు, నూటికి 20 పాళ్లు టాల్క్ పొడి కలిపారని. బిర్యానీ పార్సిల్ డబ్బాలు కూడా ఎక్కువగా ఈ పీపీతోనే చేస్తారు. ఆ డబ్బా కడిగినవాళ్లకి తెలుస్తుంది, నీళ్లు దాని మీద నిలవవు, మసాలా నూనె మాత్రం ఎంత తోమినా వదలదు. బండి ప్లాస్టిక్ కూడా అంతే. కోటింగ్‌ని ఒక పట్టాన పట్టనివ్వదు, నేను నెలల తరబడి రుద్దిన పాలిష్‌ని మాత్రం కడుపులో దాచుకుంది.

ఆ కుర్రాడు సబ్బునీళ్లతో, బ్రష్‌తో తోమాడు, ఆరబెట్టాడు, మొబైల్ రిపేరు వాళ్లు వాడే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్) గుడ్డ మీద పోసి తుడిచాడు. గుడ్డ నల్లగా వచ్చింది. మడత మార్చి మళ్లీ తుడిచాడు, మళ్లీ నలుపే. గుడ్డ తెల్లగా వచ్చేదాకా వదల్లేదు, ఒక్క కుడివైపుకే గంటన్నర పట్టింది. "ఈ జిడ్డు పోకపోతే ఏటేసినా ఆగదు సార్" అన్నాడు. ఆ పూటకి షాపులో విన్న నిజం అదొక్కటే.

భోజనాలయ్యాక అతన్ని వేరే బండి మీదకి పంపేశారు. ఎడమవైపుకి ఇంకొకతను వచ్చి, పైపైన రెండు సార్లు తుడిచి, అరగంటలో సీసా ఖాళీ చేసేశాడు. నేను అడిగితే "అయిపోయింది సార్, ఒకటే మందు కదా" అన్నాడు. గట్టిగా పట్టుబట్టాల్సింది, మొహమాటపడ్డాను.

పది నెలలైంది. కుడివైపు ఇప్పటికీ వాన పడితే నీళ్లు చేమాకు మీద చుక్కల్లా జారిపోతున్నాయి, నలుపు అలాగే ఉంది, పోర్టు వైపు వెళ్లొచ్చినా నీళ్లు కొడితే దుమ్ము వదిలేస్తోంది. ఎడమవైపు మేలోనే మచ్చలు మచ్చలుగా తేలింది, వెనక తలుపు కింద మళ్లీ అదే పలక. ఎండ తేడా అందామంటే నేను బండి ఒకరోజు అటు, ఒకరోజు ఇటు తిప్పి పెడతాను. హెడ్‌లైట్లు మాత్రం రెండూ బాగున్నాయి. కాకపోతే వాటిని ఎమెరీ కాగితంతో రుద్దినప్పుడు ఎండ నుంచి కాపాడటానికి కంపెనీ వేసిన పొర కూడా పోతుంది కాబట్టి, ఇక ఈ కోటింగ్ ఉన్నన్నాళ్లే వాటికి రక్ష.

షాపుకి వెళ్లి చూపిస్తే, రెండేళ్ల గ్యారంటీ కార్డు వెనక ఉన్న చీమల బారు అక్షరాలు చూపించారు, ఆరు నెలలకోసారి వెయ్యి రూపాయల సర్వీసింగ్ చేయించాలట, చేయించలేదు కాబట్టి చెల్లదట. సగం రేటుకి మళ్లీ వేస్తామన్నారు. ఆ కుర్రాడు ఉన్నాడా అని అడిగాను, మానేశాడన్నారు. వచ్చేశాను.

కోటింగ్‌కి అయిదుకి 4 ఇస్తా, షాపుకి 2. ఆ రెండూ కూడా ఆ కుర్రాడికే. మీరు చేయిస్తే బండి వదిలి వెళ్లకండి, అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుని ఆ తుడిచే గుడ్డ చూడండి. సీసా ఏ దేశానిదో తర్వాత అడగొచ్చు. చేయించాక ఒక రోజంతా తడి తగలనివ్వకండి, వారం దాకా సబ్బు పెట్టకండి.

నేనైతే ఆన్‌లైన్‌లో చిన్న సీసా తెప్పించుకుని, ఎడమ ముందు చక్రం పట్టీ సొంతంగా చేశాను. తుడవడానికే పాత బనీన్లు నాలుగు అయిపోయాయి, నెలన్నర అయింది, ఇంకా నల్లగానే ఉంది. వెనక తలుపు కింది పట్టీ మిగిలింది, ఈ తుపాను ముసురు తెరిపిస్తే దాని పని పడతా.