మణికట్టు విరిగాక మూడు కిలోల కెమెరాతో పదిహేను నెలలు

2023 ఆగస్టులో వానకు తడిసిన మెట్ల మీద కాలు జారి పడబోతూ కుడి అరచేయి నేలకు ఆనించడంతో, మణికట్టుకు కాస్త పైన ముంజేతి ఎముక విరిగింది. ఆరు వారాలు పిండికట్టు, ఆ తరవాత నాలుగు నెలలకు పైగా ఫిజియోథెరపీ. నేను పక్షుల ఫొటోలు తీస్తాను. నా దగ్గరున్న నికాన్ డి7500 బ్యాటరీ, కార్డుతో కలిపి 720 గ్రాములు ఉంటుంది, దానికి తగిలించే 200-500 ఎంఎం జూమ్ లెన్స్ 2300 గ్రాములు. రెండూ కలిస్తే మూడు కిలోలు. తేలికపాటి కెమెరా కొనుక్కోమని చాలామంది సలహా ఇచ్చారు. నయమయ్యే చేతి కోసం ఉన్న పరికరాన్ని మార్చేయడం నాకు ఇష్టం లేకపోయింది. కెమెరాను ముట్టుకోకుండా తీగ చివరి బటన్‌తో ఫొటో తీసే కేబుల్ రిలీజ్, కెమెరా బరువు మోసే ఒంటికాలి స్టాండు, అంటే మోనోపాడ్, మాత్రమే కొన్నాను. పదిహేను నెలలు వాడిన తరవాత వాటి గురించి రాస్తున్నాను.

కుడిచెయ్యి కట్టులో ఉన్నప్పుడు కెమెరాను ముందు పెట్టుకుని చూస్తే, ఫొటో తీయడానికి కావలసినవి దాదాపు అన్నీ, అంటే షట్టర్ బటన్, దాని చుట్టూ ఉండే ఆన్ మీట, ముందూ వెనకా ఉండే రెండు చక్రాలు, కుడివైపునే ఉన్నాయని, తీసిన ఫొటోలు చూసుకునే బటన్లు, మెనూ మాత్రం ఎడమవైపు ఉన్నాయని అర్థమవుతుంది. నా అదృష్టం కొద్దీ ఫొటో తీసే పద్ధతిని ఎంచుకునే మోడ్ డయల్, కేబుల్ రిలీజ్ తగిలించే రంధ్రం కూడా ఎడమవైపే ఉన్నాయి. నా ఏర్పాటంతా ఈ రెండింటి మీదే నిలబడింది.

కేబుల్ రిలీజ్ ఎంసీ-డీసీ2 రకం. మీటరు పొడవు తీగ, చివర ఒకే బటన్. సగం నొక్కితే ఫోకస్ పడుతుంది, పూర్తిగా నొక్కితే ఫొటో పడుతుంది. మొదట దాన్ని ఎడమచేతిలో విడిగా పట్టుకున్నాను. అప్పుడు లెన్స్‌ను తిప్పడానికి చెయ్యి మిగలలేదు. వారం రోజులు అవస్థ పడ్డాక, లెన్స్ కింద మోనోపాడ్‌కు బిగించే పాదానికే రిలీజ్‌ను వెల్‌క్రో పట్టీతో కట్టేసి, మిగిలిన తీగను చుట్టచుట్టి దాని కిందే దోపాను. ఎడమ అరచేయి పాదం కింద ఆనిస్తే బొటనవేలు నేరుగా బటన్ మీదకు వస్తుంది. దిశ మార్చేదీ ఫొటో తీసేదీ ఒకే చెయ్యి, బరువు మోసేది మోనోపాడ్. కుడిచెయ్యి మెడకు వేసిన పట్టీలోనే ఉండిపోయింది. సగం నొక్కడానికీ పూర్తి నొక్కుకూ మధ్య తేడా బొటనవేలికి పట్టుబడటానికి, మేడ మీద నీళ్ల ట్యాంకు దగ్గర వాలే గోరింకలతో పది రోజులు సాధన చేయాల్సి వచ్చింది.

ఈ పద్ధతిలో జూమ్ మాత్రం కుదరదు. ఈ లెన్స్ జూమ్ వలయాన్ని చివరిదాకా తీసుకెళ్లాలంటే చాలా దూరం తిప్పాలి, అందుకు అరచేయి పాదం వదలాలి. కట్టు విప్పాక మొదటిసారి గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువుకు వెళ్లినప్పుడు 500 దగ్గర ఉంచి కూర్చున్నాను. గూటికి పుల్ల పట్టుకుని ఎర్రకాళ్ల కొంగ ఒకటి నా వైపే దిగింది, ప్రతి ఫొటోలోనూ దాని రెక్కల చివరలు తెగిపోయాయి. అప్పటి నుంచి ఎగిరే పక్షులకు 400 దగ్గరే స్థిరంగా ఉంచుతున్నాను. గూడబాతులకైతే అదీ ఎక్కువే, ఇంకా తగ్గించాలి.

మోనోపాడ్ విషయంలో ఒకటే చెప్పాలి. మెలితిప్పి బిగించే రకం ఒంటిచేత్తో పొడిగించలేము. మొదట కొన్నది ఆ రకమే, ప్రతిసారీ మోకాళ్ల మధ్య ఇరికించుకుని తిప్పవలసి వచ్చేది. మీట ఎత్తి దించే రకంతో ఆ బాధ లేదు. మారుస్తూ ఖర్చు పెట్టడం కన్నా మొదటే అది కొనడం మంచిది.

చక్రాలు అందవు కనుక నిర్ణయాలన్నీ ఇంట్లోనే చేసుకోవాలి. మన సెట్టింగులను ముందే దాచుకోవడానికి మోడ్ డయల్ మీద యూ1, యూ2 అని రెండు స్థానాలున్నాయి. యూ1లో ఎగిరే పక్షులకు షట్టర్ వేగం 1/1600 సెకను, యూ2లో కూర్చున్నవాటికి 1/500 పెట్టుకున్నాను. రెండింటిలోనూ ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/6.3, ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే స్థాయి) మాత్రం కెమెరా చూసుకుంటుంది. మోడ్ డయల్ మధ్యలోని తాళం బటన్‌ను చూపుడువేలితో నొక్కి, బొటనవేలు, మధ్యవేలుతో తిప్పితే ఎడమచెయ్యి ఒక్కటే చాలు. తెర వెలగకుండానే అద్దం ద్వారా చూసే కెమెరా కాబట్టి ఉదయమంతా ఆన్‌లో వదిలేసినా బ్యాటరీ పెద్దగా తరగలేదు. తెర మీద వేలితో తాకి ఫొటో తీసే సదుపాయం ఇంట్లో పిల్లల ఫొటోలకు పనికొచ్చింది కానీ, ఆ పద్ధతిలో ఫోకస్ నెమ్మది, ఎగిరే పక్షులకు పనికిరాదు.

కట్టు విప్పిన తరవాతే నేను తప్పు చేశాను. వేళ్లు బాగానే కదులుతున్నాయి కదా అని మూడో రోజున కెమెరాను కుడిచేత్తో ఎత్తాను. మణికట్టు వెనక్కి వంగనే లేదు, బొటనవేలి మొదట్లో పట్టేసినట్టై సాయంత్రానికి వాచింది, వ్యాయామాలు వారం పైన ఆపవలసి వచ్చింది. "బరువు తరవాతండీ, ముందు అరచేయి పైకి తిరగనివ్వండి" అని ఫిజియోథెరపిస్టు గట్టిగా చెప్పారు. అరచేయి తిప్పడం, తడి తువ్వాలు పిండడం, స్పాంజి బంతి నొక్కడం, ఇవే రెండు నెలలు. ఆవిడ అనుమతించాకే 200 గ్రాముల 35 ఎంఎం లెన్స్ తగిలించి, రోజుకు ఐదు నిమిషాలు కుడిచేత్తో పట్టుకోవడం మొదలుపెట్టాను. ఇలాంటి దెబ్బ తగిలినవారు తమ వైద్యులను అడగకుండా ఈ మెట్టు ఎక్కవద్దని మనసారా కోరుతున్నాను. ఒక్కొక్కరి ఎముక ఒక్కొక్క తీరుగా అతుకుతుంది.

ఇప్పుడు షట్టర్ బటన్ కుడి చూపుడువేలితోనే నొక్కుతున్నాను, చక్రాలూ అందుతున్నాయి. మోనోపాడ్ లేకుండా 200-500 లెన్స్‌ను పది నిమిషాలకు మించి పట్టుకోలేను, చలికాలం ఉదయాల్లో అంత కూడా కాదు. మోనోపాడ్ మీదైనా అరగంట దాటితే బొటనవేలి వైపు సలుపు మొదలవుతుంది, అప్పుడు కుడిచెయ్యి దించేసి ఎడమ బొటనవేలికి పని అప్పగిస్తాను. అందుకే రిలీజ్ ఇంకా లెన్స్ పాదానికే కట్టి ఉంది. వెల్‌క్రో పట్టీ మాత్రం ఈ మధ్యలో రెండుసార్లు మార్చాను.