చెల్లి ఇంట్లో మకాం, రైల్లో తిరుగుడు: మూడు ఇటలీ ప్రయాణాల తర్వాత

మా చెల్లి, మరిది ఇటలీలోని బొలోన్యా అనే ఊళ్ళో కాపురం పెట్టి ఎనిమిదేళ్ళవుతోంది. ఈలోగా మేం మూడుసార్లు వెళ్ళొచ్చాం. 2019 మేలో వేసవి సెలవులకి, 2022 ఆగస్టులో చెల్లి కూతురి బారసాలకి, 2025 మేలో అమ్మానాన్నలతో కలిసి ఆరుగురం. "ఇటలీ ఎలా ఉంటుంది, పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చా" అని అడిగిన ప్రతివాళ్ళకీ ఫోన్లో చెప్పీ చెప్పీ అలిసిపోయి ఇది రాస్తున్నాను.

మొదటిసారి చేసింది శుద్ధ తెలివితక్కువ పని. పది రోజుల్లో రోమ్, ఫ్లోరెన్స్, పీసా, వెనిస్, మిలాన్. రోజుకో ఊరు, రోజుకో గది, నాలుగు పెట్టెలు. రాళ్ళు పరిచిన వీధుల్లో లాగీ లాగీ ఒక పెట్టె చక్రం ఊడిపోయింది. ఆఖరి రెండు రోజులు చెల్లి ఇంట్లో పడి నిద్రపోయాం. "నువ్వు మా ఇంటికి రాలేదక్కా, లగేజీ పెట్టుకోవడానికొచ్చావు" అంది. నిజమే మరి.

మూడోసారికి ఆ బుద్ధి వచ్చింది. రోమ్‌లో రెండు రాత్రులు తప్ప పదహారు రోజులూ మకాం బొలోన్యాలోనే. పొద్దున చేతిసంచితో బయల్దేరడం, రాత్రికి ఇల్లు చేరి పప్పూ అన్నం తినడం. మ్యాప్ చూస్తే ఎందుకు కుదురుతుందో తెలుస్తుంది. ఉత్తరాన్నీ దక్షిణాన్నీ కలిపే పెద్ద రైలు మార్గాలు చాలావరకు ఆ ఊళ్ళో కలుస్తాయి. ఫాస్ట్ రైలైతే ఫ్లోరెన్స్ నలభై నిమిషాలు, మిలాన్ గంట దాటి కొంచెం, వెనిస్ గంటన్నర, రోమ్ రెండు గంటల పైచిలుకు. టికెట్ వెతికేటప్పుడు ఫిరెంజే (ఫ్లోరెన్స్), వెనెత్సియా, మిలానో అని వాళ్ళ పేర్లతో వెతకండి. నేను మొదట్లో "బొలోగ్నా" అనేదాన్ని, మా మరిది ఇప్పటికీ ఆటపట్టిస్తాడు.

బొలోన్యా స్టేషన్‌కి మాత్రం ఇరవై నిమిషాలు ముందుగా వెళ్ళాలి. ఫాస్ట్ రైళ్ళు ఎక్కువగా భూమి అడుగున ఉన్న 16 నుంచి 19 ప్లాట్‌ఫారాల మీద ఆగుతాయి, ఎస్కలేటర్ల మీద దిగుతూనే ఉండాలి. పైన "1" ఒకటుంటుంది, "1 ఓవెస్ట్" ఇంకోటి, అంటే పడమటి వైపుది. రెండూ వేర్వేరు చోట్ల. బోర్డు మీద ఓవెస్ట్ అన్న ముక్క చదవకుండా ఆరుగురం వెళ్ళి మామూలు ఒకటో నంబరులో నిలబడ్డాం. మా రైలు అటునుంచి అటే వెళ్ళిపోయింది. తర్వాతి దానికి గంట కూర్చోవాల్సొచ్చింది. ఆ గంటలో అమ్మ బయటి గోడమీది గడియారం చూసి, "ఇంత పెద్ద స్టేషన్‌లో గడియారం బాగు చేయించుకోలేరా, ఇందాకట్నుంచీ పదీ ఇరవై అయిదే చూపిస్తోంది" అంది. అది పాడైనది కాదు. 1980 ఆగస్టు 2న ఆ స్టేషన్ వెయిటింగ్ హాల్లో బాంబు పేలి 85 మంది పోయారు. అది పేలిన వేళ దగ్గరే ముల్లు ఆపేసి ఉంచారు. ఆ తర్వాత రైలెక్కేదాకా అమ్మ ఏం మాట్లాడలేదు.

రీజనల్ రైళ్ళకి, అంటే దగ్గర ఊళ్ళకి తిరిగే మామూలు రైళ్ళకి, కాగితం టికెట్ కొంటే, ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరుండే చిన్న మెషీన్లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. మరిచిపోతే టికెట్ ఉన్నా జరిమానాయే. సీటు నంబరుతో వచ్చే ఫాస్ట్ రైలు టికెట్లకి ఆ బాధ లేదు.

బొలోన్యాలో మా నాన్నకి అన్నిటికన్నా నచ్చింది ఆ ఊరి పోర్టికోలు. వీధి పొడుగునా ఇళ్ళ ముందు స్తంభాలూ కమానులూ, పైన గదులు, కింద నడకదారి. మన ఊళ్ళల్లో వీధివైపు వసారాలన్నీ ఒకదానికొకటి అతికించుకుంటూ పోతే ఎలా ఉంటుందో అలా. మొత్తం 62 కిలోమీటర్లంటారు, 2021లో యునెస్కో గుర్తింపొచ్చింది. వానొచ్చినా గొడుగు అక్కర్లేదు, ఎండైనా నీడే. మోకాళ్ళ నొప్పులున్న నాన్న రోజూ సాయంత్రం అక్కడే నడిచారు. శాన్ లూకా కొండ గుడి దాకా 666 కమానులున్నాయంటే పిల్లలు లెక్కపెడతామని బయల్దేరి మూడొందలు దాటాక తగువాడుకున్నారు. పెద్దవాళ్ళు బొమ్మ రైల్లాంటి బండిలో వెళ్ళొచ్చారు. ఎత్తయిన అసినెల్లీ టవర్ 2019లో 498 మెట్లూ ఎక్కాం. ఇప్పుడు ఎక్కనివ్వరు. పక్కనున్న గరిసెండా టవర్ మరీ ఒరుగుతోందని 2023 చివర్నుంచీ మూసేశారు.

తిండి సంగతి దాచకుండా చెప్పాలి. మాంసం తినేవాళ్ళకి బొలోన్యా పండగే. శాకాహారికి మాత్రం ఒక్క అక్షరం కొంప ముంచుతుంది. టోర్టెల్లీనీ అనే కూరిన పాస్తాలో పంది మాంసం ఉంటుంది. టోర్టెల్లోనీలో మామూలుగా రికోట్టా జున్ను, ఆకుకూర. పేరు బట్టీ పట్టి నాన్నకి రెండోది ఆర్డరిచ్చి గొప్పగా కూర్చున్నాను. అది వచ్చాక మరిది మెల్లిగా, "వదినా, పిండి గుడ్డుతో కలుపుతారు ఇక్కడ" అన్నాడు. ఆ ఊరి తాజా పాస్తా అంతా అంతేనట. నాన్న గుడ్డు ముట్టరు. ప్లేటు మా వాడి ముందుకి జరిగింది. అక్కణ్ణుంచి నాన్నకి బయట తిండంటే జున్ను లేని మరినారా పిజ్జా, లేకపోతే టమాటా సాసుతో స్పగెట్టీ. పెట్టెల్లో వచ్చే ఎండు పాస్తా మామూలుగా గోధుమ రవ్వ, నీళ్ళతోనే చేస్తారు. పర్మిజానో జున్నులో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వేస్తారన్న సంగతి నాన్నకి ఇంతవరకూ చెప్పలేదు. ఇది ఆయన చదవరనే ధైర్యం.

ఇంటి నుంచి ఆవకాయ, కందిపొడి నిక్షేపంగా పట్టుకెళ్ళాం. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాలనుంచి తేకూడదని యూరప్ రూలు.

వెనిస్ గురించి మా ఇంట్లో రెండు పార్టీలు. పిల్లలూ మా వారూ పదికి పది ఇస్తారు. నేనైతే ఆరు. అడుగడుగునా వంతెన, ప్రతి వంతెనకీ మెట్లు. అమ్మ ఆరో వంతెన దగ్గర "మీరు వెళ్ళి రండి" అని కూర్చుంది. 2025లో మేం వెళ్ళిన శనివారం ఊళ్ళోకి వచ్చినందుకే మనిషికి 5 యూరోలు కట్టాం. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి అక్కర్లేదు. ముందుగా కట్టకపోతే ఆ ఏడాది 10 యూరోలు. గొండోలా పగలు అరగంటకి 90 యూరోలు, మనిషికి కాదు, పడవకి. మేం ఎక్కలేదు. నగరపాలక పడవ ఒకటో నంబరు ఎక్కితే పెద్ద కాలువ మొత్తం నెమ్మదిగా చూపిస్తుంది, టికెట్ 9.50. అమ్మకి ఆ గంటే వెనిస్.

రోమ్‌కి మాత్రం రెండు రాత్రులు వేరే గది తీసుకున్నాం. కొలోసియం టికెట్ల దగ్గర దెబ్బతిన్నాం. అధికారిక సైట్లో దొరకలేదని ఏదో మధ్యవర్తి సైట్లో కొంటే, ఆరు టికెట్ల మీదా మా వారి పేరే అచ్చయింది. అక్కడ ప్రతి టికెట్ మీదా ఎవరి పేరు వాళ్ళదే ఉండాలి, గుర్తింపు కార్డు చూస్తారు. ఎండలో నలభై నిమిషాలు బతిమాలుకుంటే గానీ లోపలికి వెళ్ళలేదు. సెయింట్ పీటర్స్ చర్చిలో భుజాలు, మోకాళ్ళు కనపడకూడదు. క్యూలో ముందున్న పొట్టి లాగుల వాళ్ళు తువ్వాళ్ళు వెతుక్కుంటుంటే అమ్మ చీర చెంగు భుజాలమీంచి కప్పుకుని దర్జాగా వెళ్ళింది. వీధి కొళాయిల్లో మంచినీళ్ళు చల్లగా వస్తాయి, సీసా ఒకటి చేతిలో ఉంటే చాలు.

చుట్టాలింట్లో దిగితే హోటల్ ఖర్చు మిగులుతుందని అందరికీ తెలుసు. దానికి వాళ్ళు పడే పాట్లు మనకి కనపడవు. వీసాకి ఆహ్వాన పత్రం మరిది పంపాలి. మనం దిగిన 48 గంటల్లో, ఫలానా వాళ్ళు మా ఇంట్లో ఉంటున్నారని అక్కడి అధికారులకి రాసివ్వాలి. ఆరు పాస్‌పోర్టుల జిరాక్సులు పట్టుకుని మరిది ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టాడు. రెండు బెడ్రూముల ఇల్లు, ఒకటే బాత్రూము, తొమ్మిది మంది. పొద్దున ఏడింటికి టెన్షన్ మొదలు. ఒక ఊరట ఏంటంటే ఇటలీ ఇళ్ళ బాత్రూముల్లో బిడే, అంటే కడుక్కోవడానికి కొళాయి ఉన్న తొట్టి, ఉంటుంది. 1975 నుంచి అది చట్టం ప్రకారమే ఉండాలట. అమ్మానాన్నలకి నీళ్ళ బెంగ లేకుండా పోయింది. ఇది ఎవరూ ముందు చెప్పరు, అందుకే నేను చెప్తున్నాను.

ఊళ్ళు చూడటం కోసమే అయితే ఆగస్టులో వెళ్ళకండి. 15వ తేదీ ఫెర్రాగోస్తో పండగ. ఆ చుట్టుపక్కల ఊరంతా సముద్రానికి పోయి, కొట్ల మీద సెలవు కాగితాలే వేలాడతాయి. బారసాల సరిగ్గా ఆ వారంలోనే వచ్చింది. పసుపు, తమలపాకుల కోసం తిరగ్గా తిరగ్గా ఒక బంగ్లాదేశీ కొట్టు తెరిచి ఉంది. పసుపు దొరికింది, తమలపాకులు మాత్రం నాలుగే, అంచులు నల్లబడినవి. ఆ పొద్దున వీధి తలుపుకి గులాబీ రంగు రిబ్బను పువ్వు కట్టి ఉంది. అమ్మ దిష్టి కోసం ఎవరో కట్టారనుకుని తీసేయబోయింది. కింది వాటాలో ఒంటరిగా ఉండే పెద్దావిడ పరుగున వచ్చి ఆపింది. ఇంట్లో ఆడపిల్ల పుడితే అలా కడతారట వాళ్ళు. మాట తెలియని అమ్మ ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చి, బొట్టు పెట్టి, ఉయ్యాల ఊపమని తాడు చేతికిచ్చింది. ఆవిడ తన భాషలో ఏదో జోల పాడింది. 2025లో వెళ్ళేసరికి ఆ వాటాలో వేరేవాళ్ళున్నారు. రిబ్బను మాత్రం చెల్లి దాచింది.

మళ్ళీ వెళ్తే రోమ్ వద్దని నాన్న ఇప్పట్నుంచే చెప్తున్నారు. రవెన్నా అనే ఊళ్ళో మొజాయిక్‌లు, అంటే రంగురాళ్ళ ముక్కలు అతికించి చేసిన బొమ్మలు, ఇంకా చూడలేదు, బొలోన్యా నుంచి రీజనల్ రైలుంది. ఈసారి బోర్డు ఆయనే చదువుతారట.