శుభలేఖల మీద జాఫినో: పేర్ల వరకే

శుభలేఖలు డిజైన్ చేయడం నా పని. ఇంగ్లీష్ కార్డు అనగానే పార్టీ మొదట అడిగేది "చేతిరాతలా ఉండే ఫాంట్ పెట్టండి" అనే. అలాంటివి చాలానే ఉన్నా, వధూవరుల పేర్లకి నేను వాడేది జాఫినోనే.

దీన్ని గీసింది పలాటినో, ఆప్టిమా ఫాంట్లు గీసిన జర్మన్ డిజైనర్ హెర్మన్ జాఫ్. 1944లో ఆయన కలంతో రాసుకున్న అక్షరాలే దీనికి మూలం. తర్వాత వాటి ఆధారంగా వర్చువోసా అనే సీసపు అచ్చక్షరాలు తెచ్చారు గానీ, ఒక్కో అక్షరాన్ని పోతపోసిన సీసపు దిమ్మె దాటి దాని తోక ఎంత దూరం పోతుంది? ఆయనకి తృప్తి కలగలేదు. చివరికి 1998లో లైనోటైప్ అనే ఫాంట్ల కంపెనీ జాఫినోని విడుదల చేసింది.

దీని గొప్పంతా ఒక్కో అక్షరానికి ఉన్న రకరకాల రూపాల్లో ఉంది. విద్య అనే పేరు ఇంగ్లీష్‌లో కొట్టి చూడండి. డి కొమ్ము పైకి లేచి ఎడమకి విల్లులా వంగే రూపం ఒకటుంది, దాని కింద వై తోక సాగుతుంది. ఆ రెండిటితోనే కార్డు నిండిపోతుంది, ఇక పూలూ లతలూ అక్కర్లేదు. ఆ డి నచ్చకపోతే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షర రూపాలన్నీ చూపించే గ్లిఫ్స్ ప్యానెల్లో ఇంకోటి తీసుకోవచ్చు. సరదాకి, లిగేచర్లు (పక్కపక్క అక్షరాలు కలిసిపోయే రూపాలు) ఆన్ చేసి మ్యాక్‌లో ఈ ఫాంట్ పేరే టైప్ చేయండి. మాట మొత్తం ఒకే బొమ్మగా మారిపోతుంది!

ఇక చిక్కులు. మన పేర్లకి ముందు ఇంటిపేరు, ఇనీషియల్స్ వరసగా ఉంటాయి. కె.వి.ఎస్.ఆర్. అని నాలుగు పెద్దక్షరాలు పక్కపక్కన పెడితే తోకలన్నీ ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. అందుకే తల్లిదండ్రుల పేర్లు, ముహూర్తం, కల్యాణ మండపం అడ్రస్ మామూలు ఫాంట్‌లోనే పెడతాను. అడ్రస్ కూడా ఇందులోనే కావాలని పట్టుబట్టే పార్టీలున్నారు. అతిథులు మండపం వెతుక్కోవాల్సి వస్తుందని చెబితే వింటారు. రెండు లైన్లు పెడితే మధ్య ఖాళీ బాగా వదలాలి, లేదంటే పై లైను తోకలు కింది లైనులో దిగుతాయి. సైజు తగ్గించి గోల్డ్ ఫాయిల్ వేయిస్తే సన్నగీతలు తెగుతాయి. తెలుగు అక్షరాలు ఇందులో లేవు. తెలుగు పేజీకి బాపు చేతిరాతను పోలిన ఫాంట్ పెడితే పక్కపక్కన బాగానే నప్పుతుంది.

మ్యాక్‌లో ఇది సిస్టమ్‌తోనే వస్తుంది, విండోస్ వాళ్లు కొనుక్కోవాలి. డబ్బు పెట్టలేకపోతే గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే గ్రేట్ వైబ్స్‌తో పని నడుస్తుంది, కాకపోతే ఇన్ని రూపాలు ఉండవు. ఏది వాడినా ప్రెస్‌కి పంపేముందు పేర్లని కర్వ్స్ చేయండి, అంటే అక్షరాలని ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మలుగా మార్చండి. వాళ్ల కంప్యూటర్లో ఆ ఫాంట్ లేకపోతే మీ విద్య పేరు ఏరియల్ లాంటి ఏ మామూలు ఫాంట్‌లోనో తెరుచుకుంటుంది.