రొయ్యల గుంటల దగ్గర ఓల్టేజ్ రికార్డర్, 22 నెలలు వాడాక

మాది ఇందుకూరుపేట మండలం, మైపాడు వైపు. నాలుగు గుంటలు, షెడ్డు మీద 10 కిలోవాట్ల సోలార్. కరెంటు ఎట్టా వస్తందో రేయింబవళ్లు రాసుకునే త్రీఫేజ్ పవర్ క్వాలిటీ రికార్డర్ కొన్నది సోలార్ కోసం కాదు, గుంటల నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ల కోసం. తెల్లారుజామున మూడింటప్పుడు ఏరేటర్లు ఆగిపోయేవి, షెడ్డులో లైట్లు మాత్రం వెలుగుతూనే ఉండేవి, కాపలా అబ్బాయి కరెంటు ఉందిలే అనుకునేవాడు, నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది కూడా సరిగ్గా ఆ టైంలోనే, ఒకరోజు పొద్దున పోయి చూస్తే రొయ్యలన్నీ పైకి తేలి ఉన్నాయి. ఆ పంట గుర్తొస్తే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతది.

మల్టీమీటర్ పెట్టి ఎప్పుడు చూసినా 228, 232 అట్టానే ఉండేది. రికార్డర్ పెట్టిన ఆరో రాత్రి దొరికింది. ఓల్టేజ్ 130కి పడి 160 మిల్లీసెకన్లలో మళ్లీ లేచింది, అంటే ఎనిమిది సైకిళ్లు అంతే. లైటు ఒక్కసారి మినుక్కుమంటది, కానీ స్టార్టర్‌లో మోటారుకి కరెంటు కలిపే స్విచ్చి, అదే కాంటాక్టర్, వదిలేస్తది, మళ్లీ పచ్చ బటన్ నొక్కేదాకా మోటారు తిరగదు. మామూలు మీటరుకి ఇంత చిన్నది ఆనదు. ఇదేమో ప్రతి అర సైకిల్‌కి లెక్కేసి, 207 కంటే పడితే సాగ్ అని, 253 దాటితే స్వెల్ అని టైముతో సహా రాసుకుంటది.

నాకు బాగా కష్టమైంది తప్పు ఎవరి వైపుందో తేల్చుకోవటం. ఓల్టేజ్ పడినప్పుడు మన ఆంపియర్లు ఎగిరితే మామూలుగా తప్పు మన మోటార్లదో కేబుల్‌దో, ఆంపియర్లు కూడా పడితే పై లైన్లో. రాత్రిపూట ఈ లెక్క బాగానే పనిచేసింది. పగలు సోలార్ బయటికి తోస్తుంటే తల్లకిందులైంది, ఎందుకంటే ఓల్టేజ్ పడినా అదే పవర్ ఇయ్యాలని సోలార్ కరెంటుని లైనుకి పంపే ఇన్వర్టరే ఆంపియర్లు పెంచేస్తది, రికార్డర్ చూస్తే తప్పు మనదే అన్నట్టుంటది. రెండు నెలలు నా కేబుళ్లనే అనుమానించి అన్నీ విప్పించా. తర్వాత రికార్డర్‌కి ఆంపియర్లు కొలిచే క్లాంపులు మెయిన్ నుంచి తీసి మోటార్లకి మాత్రమే పోయే ఫీడర్ లైనుకి వేశా, అప్పుడు గానీ నిజం తెలియలా. సోలార్ ఉన్నోళ్లు క్లాంపులు యాడ వేస్తున్నారో ముందు చూసుకోండి, మాన్యువల్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు.

ఇంకో ఇబ్బంది, మాది లైన్ చివర, మిట్టమధ్యాహ్నం అందరి సోలారూ వెనక్కి తోసేసరికి ఓల్టేజ్ 258 దాకా పోతది, దాంతో రోజూ మూడు గంటల పాటు ఒకే స్వెల్ రాసుకుని మెమరీ నింపేసేది. స్వెల్ హద్దు 260కి మార్చుకున్నాక సర్దుకుంది. ఉప్పుగాలికి క్లాంపుల మూతి రెండుసార్లు పచ్చబట్టింది, నెలకోసారి తుడవాల్సిందే. బ్యాటరీ ఇప్పటిదాకా బాగానే ఉంది.

రికార్డర్ గ్రాఫులు ప్రింట్ తీసి చూపిస్తే కరెంటు ఆఫీసు ఇంజనీరు గారు వచ్చి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఓల్టేజ్ సర్దే ట్యాప్ ఒక మెట్టు దించారు. మధ్యాహ్నం 252కి వచ్చింది, ఓల్టేజ్ ఎక్కువై ఇన్వర్టర్ ట్రిప్ అవ్వటం ఆగింది. అయితే అదే మెట్టుకి రాత్రి ఓల్టేజ్ కూడా ఓ ఆరు ఓల్టులు తగ్గింది, అందుకని ఏరేటర్లన్నిటికీ ఆటో స్టార్టర్లు పెట్టించి, ఒకదాని తర్వాత ఒకటి లేచేలా టైమర్లు కట్టించా. పోయిన నెల్లో నాలుగు సాగ్‌లు పడినయ్, నాలుగుసార్లూ ఏరేటర్లు వాటంతటవే తిరిగినయ్.