టెక్సాస్ కొండగొర్రెల కోసం: ఆల్పైన్ నుంచి ఎల్ పాసో దాకా

డాలస్ నుంచి బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌కి వెళ్లే మనవాళ్లు చాలామంది ఆల్పైన్‌లో గ్యాస్ కొట్టించుకుని ఆగకుండా దక్షిణానికి వెళ్లిపోతారు. అదే 118 హైవే మీద, ఊరు దాటాక సుమారు 26 మైళ్లలో ఎలిఫెంట్ మౌంటెన్ వస్తుంది. ఈసారి వెళ్లేవాళ్లు అక్కడ ఒక పూట ఆగాలి. టెక్సాస్‌లో బిగ్‌హార్న్ అనే పెద్ద కొమ్ముల కొండగొర్రెలు మళ్లీ ఎలా పుంజుకున్నాయో చూడాలంటే ఆ కొండ దగ్గరే మొదలుపెట్టాలి.

ఈ గొర్రెలు ఇక్కడి ఎడారి కొండల్లోనే పుట్టి పెరిగినవి. విచ్చలవిడి వేట, పెంపుడు గొర్రెల నుంచి అంటుకున్న జబ్బులు, అడ్డం వచ్చిన వల కంచెలు, అన్నీ కలిసి 1960ల నాటికి రాష్ట్రం సొంత మందల్లో ఒక్కటీ మిగలకుండా చేశాయి. అప్పటికే అరిజోనా నుంచి కొన్నిటిని తెప్పించి పెంచే ప్రయత్నం మొదలైంది. 1985లో ఒక దాత ఎలిఫెంట్ మౌంటెన్‌ను, అంటే 23 వేల ఎకరాలను, రాష్ట్రానికి ఇచ్చేశాడు. 1987లో అక్కడ 20 గొర్రెలను వదిలారు. తర్వాత వేరే కొండలకు పంపడానికి ఆ మందే విత్తనమైంది.

పొద్దున్నే వెళ్లండి, బైనాక్యులర్స్ తప్పనిసరి. కొండ రంగూ వాటి ఒంటి రంగూ ఒకటే కాబట్టి మొదట రాళ్లు తప్ప ఏమీ కనిపించవు. మా అబ్బాయి "నాన్నా, ఆ రాయి కదిలింది" అన్నాక తెల్లటి పిరుదులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఒక ముసలి పొట్టేలు నిలువు బండ అంచున నిలబడి నెమరు వేస్తోంది. కొమ్ములు చెంపల పక్క నుంచి చుట్టు తిరిగి మళ్లీ కళ్ల దాకా వచ్చాయి, కొసలు అరిగిపోయి మొద్దుబారి ఉన్నాయి. చాలాసేపు కళ్లు తిప్పుకోలేకపోయాం. లోపల తిరగాలంటే టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ పర్మిట్ కావాలి. కొండ దగ్గర ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు, పర్మిట్ ఇంటి దగ్గరే కొనుక్కోండి. లోపలి దారులు ఏడాది పొడవునా తెరిచి ఉండవు, అది కూడా ముందే చూసుకోండి.

బసకు ఆల్పైనే నయం. మార్ఫా పేరున్న ఊరే గానీ రేట్లు ఎక్కువ, కొండకు దూరం కూడా. ఆల్పైన్‌లో రైలు పట్టాలకు ఎడంగా ఉన్న గది అడగండి, రాత్రిళ్లు గూడ్సు బళ్లు కూతలు పెడతాయి. మేం దిగిన మోటెల్‌లో హీటర్ సరిగ్గా పనిచేయలేదు, డెస్క్‌కి ఫోన్ చేస్తే ఎత్తిన నాథుడు లేడు. చలికాలంలో అక్కడ రాత్రిళ్లు గడ్డకట్టే చలి, కాబట్టి గదిలోకి వెళ్లగానే హీటర్ వేసి చూసుకోండి. శాకాహారులు బీన్స్ తీసుకునే ముందు పంది కొవ్వు వేశారేమో అడగాలి. మేం రైస్ కుక్కర్, పచ్చళ్లు పట్టుకెళ్లాం, బతికిపోయాం.

ఇంకో ముఖ్యమైన మాట. కొండ నుంచి ఆల్పైన్‌కి తిరిగొచ్చే దారిలోనూ, ఎల్ పాసో నుంచి వచ్చేటప్పుడు సియెరా బ్లాంకా దగ్గరా బోర్డర్ పెట్రోల్ వాళ్లు కారు ఆపి అడుగుతారు. వీసా మీద ఉన్నవాళ్లు పాస్‌పోర్ట్, ఐ-94 కాగితాలు చేతికందేలా పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

ఆల్పైన్ నుంచి ఎల్ పాసోకి మూడు గంటల పైనే పడుతుంది. వాన్ హార్న్ దగ్గర ఉత్తరాన కనిపించేవి సియెరా డయాబ్లో కొండలు. టెక్సాస్ సొంత మందల్లో చివరివి బతికింది అక్కడే. వాటిని కాపాడాలని 1945లోనే ఆ ప్రాంతాన్ని కేటాయించారు, అయినా దక్కలేదు.

ఇక ఎల్ పాసోలోని ఫ్రాంక్లిన్ మౌంటెన్స్ స్టేట్ పార్క్. 2024 డిసెంబర్‌లో ఎలిఫెంట్ మౌంటెన్ నుంచి 77 గొర్రెలను తెచ్చి ఇక్కడ వదిలారు. హెలికాప్టర్ నుంచి వల విసిరి పట్టుకోవడం, కళ్లకు గంతలు కట్టడం, రక్తం తీసి పరీక్షించడం, ట్రైలర్‌లో ఎక్కించి తీసుకురావడం, ఇంత పని ఉంటుంది. ఈ కొండలనే ఎంచుకోవడానికి పెద్ద కారణం ఇక్కడ ఔడాడ్‌లు లేకపోవడం. వేట సరదా కోసం ఉత్తర ఆఫ్రికా నుంచి తెచ్చిన ఆ గొర్రెలు పశ్చిమ టెక్సాస్ నిండా పెరిగిపోయి మేతకూ నీళ్లకూ పోటీ వస్తున్నాయి. అంతకంటే ఘోరం, మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవిని మోసుకొస్తున్నాయి. దానివల్ల వచ్చే న్యుమోనియా బిగ్‌హార్న్ మందలను ఊడ్చేస్తోంది. ఇన్నేళ్ల కష్టం ఆ రోగం పాలవుతుంటే నాకు కడుపు తరుక్కుపోతోంది. అందుకే ఈ కొత్త మంద నిలబడటం అంత అవసరం.

ఫ్రాంక్లిన్‌లో మాకు ఒక్క గొర్రె కూడా కనిపించలేదు. ఎక్కడున్నాయని సిబ్బందిని గుచ్చి గుచ్చి అడగకండి, కొత్త చోట కుదురుకునే మందను వదిలేయడమే మేలు. పిల్లలతో వెళ్తే పార్కులోని టామ్ మేస్ అనే భాగం వైపు నుంచి అజ్టెక్ కేవ్స్ దారి బాగుంటుంది. దూరం తక్కువ గానీ ఏటవాలు, గులకరాళ్ల మీద జారుతుంది, మంచి బూట్లు వేసుకోండి. టెంట్ వేసుకోవచ్చు గానీ నీళ్లు మీరే తెచ్చుకోవాలి. మేం ఊళ్లోనే హోటల్ తీసుకున్నాం, చిన్నపిల్లలు ఉన్నవాళ్లకు అదే సుఖం. సెలవు రోజుల్లో పార్కు ప్రవేశం ముందే బుక్ చేసుకోండి. ఎల్ పాసోలో టైమ్ డాలస్ కంటే ఒక గంట వెనక, బుకింగ్ వేళ చూసేటప్పుడు అది గుర్తుంచుకోండి.